నూటికి ఆరు

మా గణాంకాల ఆఫీసులో ఆమెను అందరూ లారీ అక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు, ఆమె పలుకుతోంది కూడా. దేశం ఏడాదిలో వాడే ఇనుము, కాగితం, కలప, ఇసుక, ప్లాస్టిక్ అన్నీ కలిపి, అందులో పాత వస్తువుల నుంచి తిరిగి వచ్చింది నూటికి ఎంతో తేల్చడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే పని, అదే కుర్చీ. పక్క కుర్చీ నాది.

లెక్క మీద సంతకం పెట్టే ముందు, ఏటా ఒక పాత సామాన్ల లారీని ఎంచుకుని, సరుకు ఎక్కించిన చోటు నుంచి దించే దాకా దాని వెంట వెళ్ళడం ఆమె అలవాటు. డ్రైవర్ పక్కన, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చునేది. "సరుకును కళ్ళతో చూడాలమ్మాయ్, కాగితం ఏం చెప్పమన్నా చెబుతుంది" అనేది. వాళ్ళాయన మాత్రం, "మార్కెట్‌కి రమ్మంటే మోకాళ్ళ నొప్పులు, లారీ ఎక్కమంటే లేడిపిల్ల!" అని దెప్పేవాడు.

ఒక ఏడాది, అంతకు ముందు ఐదున్నర ఉన్న అంకె ఒక్కసారిగా పదకొండుకు ఎగిరింది. డైరెక్టర్‌గారి కాళ్ళు నేల మీద నిలవలేదు. సోమవారానికి పత్రికలవాళ్ళను పిలిచారు. ఈ పనికే కొత్త విభాగం పెడుతున్నామనీ, దానికి అధికారి ఆమేననీ అందరి ముందూ చెప్పేశారు. ఆ హడావుడిలో లారీ ప్రయాణం వెనకబడింది. మానేస్తుందా మహాతల్లి? శుక్రవారం పొద్దున్నే నన్ను కూడా వెంటేసుకుని బయలుదేరింది.

పాత సామాన్ల గోదాములో లారీ నిండా అట్టల కట్టలు ఎక్కించి తూచారు. నాలుగు టన్నులు. చీటీ రాశారు. మధ్యాహ్నానికి కాగితం మిల్లు చేరాం. అక్కడా తూచారు. అవే కట్టలు, అవే నాలుగు టన్నులు, ఇంకో చీటీ. అక్క రెండు చీటీలూ పక్కపక్కన పట్టుకుని ఓ కట్ట మీద కూలబడింది. మిల్లులు కూడా తూకాలు పంపాలని ఆ ఏడాదే కొత్త ఫారం తెచ్చింది ఆమే. గోదాములు పాత అలవాటు కొద్దీ పంపుతూనే ఉన్నాయి. దేశంలో తిరిగొచ్చిన సరుకును చాలా వరకు రెండేసి సార్లు కలిపేశాం.

"ఎవరికి తెలుస్తుందక్కా?" అన్నాను. "సోమవారం గడవనివ్వండి. విభాగం చేతికొచ్చాక, వచ్చే ఏడాది మెల్లగా సరిచేద్దాం."

ఆమె కోప్పడినా బాగుండేది. "ఎలా సరిచేస్తావ్? జనం ఉన్నట్టుండి పాత సామాన్లు అమ్మడం మానేశారని రాస్తావా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం డైరెక్టర్‌గారి గదిలో నేనూ ఉన్నాను. రెండుసార్లు పడినవి తీసేసి మళ్ళీ కూడితే సరైన అంకె ఆరు అని ఆమె చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది.

"తప్పెవరిది?"

"నాదేనండి. ఫారం నాది, కూడిక నాది."

"పదకొండని పైవాళ్ళకి చెప్పేశాను. ఇప్పుడు నా పరువేం కావాలి?"

"ఆరంటే ఒక్కరోజు పోతుందండి. పదకొండంటే ఏడాదంతా కాపాడుకోవాలి."

ఆరే ప్రకటించారు. విభాగం ఆమెకు ఇవ్వలేదు. ఎవరికిచ్చారనుకున్నారు? నాకు. ఉత్తర్వు అందాక రెండు రోజులు ఆమె ముఖం చూడలేకపోయాను. మూడో రోజు తనే నా గదికి వచ్చి, "ఇలా తప్పించుకు తిరిగితే పనెవరు చేస్తారు, మేడమ్?" అంది. ఆ 'మేడమ్'లో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. ఉండి ఉంటే నాకే తేలికగా ఉండేది.

ఏడాది తిరిగింది. కొత్త లెక్క తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆరున్నర. పెరిగిన ఆ అర చూసి నిజంగా కళ్ళు చెమర్చాయి. సంతకం పెట్టబోతే, కాగితం మీద అరచెయ్యి ఆనించింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం కాబట్టి పాత పిలుపే వచ్చింది.

"ఆగమ్మాయ్. లారీ వెంట నేను వెళ్ళొచ్చాను. సంతకం నీది కదా, నువ్వు వెళ్ళావా?"

పెన్నుకు మూత పెట్టాను.

"గోదాము దగ్గర లారీ ఆపించాను. డ్రైవర్ తొందరపడుతున్నాడు, చెప్పులేసుకో" అంటూ తన టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టింది.