జింక తొక్కిన కాలు

ఆ రోజుల్లో నాకు నా మీద ఎంత నమ్మకమంటే, పరుగుపందెం కన్నా ముందే పతకం తీసుకోవడం ప్రాక్టీసు చేశాను. (మిగతావాళ్లు, పాపం, పరుగు ప్రాక్టీసు చేశారు.) తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీలకు ముందురోజు, హన్మకొండలో మా ఇంటి వెనక బట్టలుతికే బండ ఎక్కి, మెడ వంచి లేని పతకం వేయించుకుని, చప్పట్లు ఊహించుకుంటూ కిందికి దూకాను. చీలమండ దగ్గర కలుక్కుమంది. ఎనిమిది వందల మీటర్లలో మొదట వచ్చిన ఒక్కరినే హైదరాబాదు పంపుతారు. నేనే వెళ్తున్నానని అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసి కూర్చున్నాను.

నాయనమ్మ వాచిన కాలు చూసి, "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఎదురుకాళ్లతోటి పుట్టినోళ్లు మూడుసార్లు తొక్కితె బెణుకు ఇట్టె దిగుతది" అంది. అంటే తల బదులు కాళ్లు ముందుగా బయటికొచ్చినవాళ్లన్నమాట. మా వాడ మొత్తంలో అలా పుట్టింది ఒక్కతే, పక్కింటి జింక. (పీఈటీ సారు పెట్టిన పేరు.) మర్నాడు నాతో పరిగెత్తబోయే జింక! దానికీ నాకూ నెల రోజులుగా మాటల్లేవు. "అది తొక్కితె నా కాలు ఉంటదా నాయనమ్మా!" అని నేను మొత్తుకుంటుండగానే ఆవిడ గోడ మీంచి కేకేసింది. "ఓ బిడ్డా, జర వచ్చి మా పోరి కాలు తొక్కిపోవే!"

జింక కాళ్లు కడుక్కుని మరీ వచ్చింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. మూడుసార్లు తగిలీ తగలనట్టు పాదం ఆనించి, "నొస్తాందా?" అంది. "లేదు" అన్నాను. (ప్రాణం పోతోంది.) అది గడప దాటగానే నాయనమ్మతో, "సూసినవా, నేను ఉరకొద్దనే కావాలని మెల్లగ తొక్కింది" అన్నాను.

మర్నాడు విజిల్ పడగానే జింక అందరికన్నా ముందు, నేను కుంటుతూ అందరికన్నా వెనక. రెండో రౌండులో అది తిరిగి నన్ను చూసింది. మళ్లీ చూసింది. "నన్నెందుకు సూస్తున్నవే, ఉరుకు!" అని అరిచాను. ఇంకోసారి కూడా చూసింది. ఆ సందులో ములుగు నుంచి వచ్చిన పిల్ల ఒకతి దాన్ని దాటేసి గీత తొక్కేసింది.

"ఎందుకు తిరిగినవే?" అని తర్వాత నిలదీశాను. జింక రొప్పుతూ, "నేను తొక్కిన కాలాయె. నా వల్ల ఇంకా ఎక్కువైందేమోనని పానం గుంజింది" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఓడిపోయినందుకనుకుని సారు ఓదార్చారు, నాయనమ్మ ఓదార్చింది, ఆఖరికి జింక కూడా నా వీపు నిమిరి, "ఊకోవే, వచ్చే యేడు నువ్వే పోతవ్ హైదరాబాదు" అంది. ఆ ఏడుపు అందుక్కాదని ఒప్పుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది. అదీ ఇలా కాగితం మీదే. జింక ఎదురుగా ఇప్పటికీ నోరు పెగలదు.