తూర్పు కోట గుమ్మం దగ్గర పన్‌సొక్ బాబాయి

తక్ పన్‌సొక్ బాబాయంత మొండిఘటం మా యంగ్‌దో దీవి మొత్తం గాలించినా దొరకడు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను, కాబట్టి చాటుగా ఆడిపోసుకుంటున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఓడల ఇంజన్లు బాగుచేయడం ఆయన పని. జీవితమంతా ఇనుము మీద సుత్తి మోత విని విని చెవులు రెండూ పోయాయి. పక్కన నిలబడి అరిస్తే వినబడుతుంది గానీ, ఫోన్లో అయితే ఒక్క ముక్క అర్థం కాదు. భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, కొడుకు ఇన్‌మో.

ఆయనకి కంప్యూటర్ ఆట అలవాటు చేసింది ఆ ఇన్‌మోయే. వేరే గది అద్దెకి తీసుకుని వెళ్ళిపోతూ, తన పాత కంప్యూటర్ తండ్రికి వదిలేశాడు. "ఫోన్లో ఎలాగూ నీకు వినబడదు నాన్నా. సాయంత్రం పనయ్యాక ఇందులోకి రా. తూర్పు కోట గుమ్మం దగ్గర కూర్చో. నేనూ వస్తా, రాసుకుంటూ మాట్లాడుకుందాం" అన్నాడట. కోటలు, గుర్రాలు, కత్తులు ఉన్న ఆట అది. బాబాయి కత్తి పట్టిన పాపాన పోలేదు. తన బొమ్మని గుమ్మం పక్కన కూర్చోబెట్టి, ఒక్క వేలితో టైపు చేస్తూ కొడుకుతో కబుర్లు చెప్పుకునేవాడు. ఆటలో ఇన్‌మో పేరు నెత్తళ్ళు. చిన్నప్పుడు ఆ చిట్టి చేపల్లా మరీ సన్నగా ఉండేవాడని వాళ్ళమ్మ అలా పిలిచేది.

అంతా బాగానే ఉన్నదనుకుంటుండగా ఇద్దరికీ చెడింది. మోటార్‌ సైకిల్ మీద ఇంటింటికీ భోజనాలు అందించే పని ఇన్‌మోది. తల్లి సంవత్సరీకం నాడు సెలవు దొరక్క రాలేకపోయాడు. బాబాయి సూపూ, చేపలూ, పళ్ళూ ఆవిడ ఫోటో ముందు పేర్చి, ఒక్కడే దండం పెట్టుకున్నాడు. మర్నాడు పళ్ళ బుట్టతో వచ్చిన కొడుకుని బయటే నిలబెట్టి "మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు. అక్కడితో ఆగాడా? ఆటలో స్నేహితుల జాబితాలోంచి కూడా వాడి పేరు కొట్టేశాడు.

పోనీ, కొట్టేసినవాడు ఆ ఆట మానేశాడా అంటే అదీ లేదు. రోజూ సాయంత్రం వెళ్ళి అదే గుమ్మం దగ్గర కూర్చునేవాడు. వంతెన కింద కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. ఆయన కంప్యూటర్ ఫ్యానులో దుమ్ము పేరుకున్నా నేనే కొండ మీద వాళ్ళింటికి ఎక్కి వెళ్ళాలి.

"నువ్వే ఒక మాట రాయొచ్చుగా బాబాయ్, నీ కొడుకేగా" అని చెవిలో అరిచాను ఒకసారి.

"తండ్రిని నేను. వాడొచ్చి ఒక్క దండం పెట్టాలి. అప్పుడు నేనే పలకరిస్తా."

"వాడు రాకపోతే?"

"వస్తాడు. వస్తే ఇక్కడికే వస్తాడు" అని తెర మీద వేలుపెట్టి చూపించాడు.

అదీ ఆయన పంతం. ఒక్క దండం కోసం రెండేళ్ళు ఆ గుమ్మం దగ్గర కాపు కాశాడు.

ఆ కంప్యూటర్‌లో ర్యామ్ చాలా తక్కువ. గుమ్మం దగ్గర జనం పోగయ్యేసరికి తెర బిగుసుకుపోయి, ఆట ఆయన్ని బయటికి నెట్టేసేది. ర్యామ్ పెంచుకో బాబాయ్ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆ చెవుల్లో ఇల్లు కట్టుకుని ఏం లాభం? "ఈ వయసులో నాకెందుకవన్నీ" అనేవాడు. కొడుకుతో చెడిన వారంలోనే, ఆటలో ఎవరో చెబితే, ఇతరుల బొమ్మలు చూపించొద్దని సెట్టింగుల్లో టిక్కు పెట్టుకున్నాడు. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్ళు చాలామంది చేసే పనే అది. ఇక ఆయన తెర మీద కోట గుమ్మం, దాని పక్కన ఆయన బొమ్మ, అంతే. మనుషులు కనబడరు. ఎవరన్నా ఏమన్నా రాస్తే ఆ అక్షరాలు మాత్రం కింద పడతాయి. "వాడొస్తే నాన్నా అని రాయడూ? అది కనబడితే చాలు నాకు" అన్నాడు.

పోయిన శరదృతువులో, వానలో మోటార్‌ సైకిల్ జారి ఇన్‌మో చచ్చిపోయాడు.

మాలో తండ్రి కొడుకు శవానికి దండం పెట్టకూడదు. వచ్చినవాళ్ళందరూ ఫోటో ముందు వంగుతుంటే బాబాయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "రెండేళ్ళు. ఒక్కసారైనా వచ్చాడా? నేనెందుకు ఏడవాలి?" అన్నాడు. చెవిటివాడు మెల్లగా అన్నాననుకుని అన్న మాట గదంతా వినబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు ముక్కలు దులిపేద్దామని దగ్గరికి వెళ్ళాను గానీ, ఆయన ముందున్న గిన్నె ముట్టనైనా ముట్టలేదని చూసి, చల్లారిపోయిన సూపు మార్చి పెట్టి వచ్చేశాను.

చలి తగ్గాక ఒకరోజు ఆయనే నా కొట్టుకి వచ్చాడు. "ఆ ర్యామేదో వెయ్యి అమ్మాయ్. ఆ టిక్కు పెట్టినా ఊరికే బయటికి నెట్టేస్తోంది. నాకు సాయంత్రాలు గడవడం లేదు" అన్నాడు.

అలా వెళ్ళాను. డబ్బా విప్పి, దుమ్ము దులిపి, కొత్త ర్యామ్ టక్కుమనేదాకా నొక్కాను. ఆట చకచకా తెరుచుకుంది. జనంలో ఎలా నడుస్తుందో చూద్దామని ఆ టిక్కు తీసేశాను. ఒక్కసారిగా గుమ్మం ముందంతా మనుషులు. గుర్రాల మీద కొందరు, గొడుగులు వేసుకుని కొందరు, బాబాయి బొమ్మ పక్కనే చతికిలబడి ఇద్దరు. బాబాయి కుర్చీలో ముందుకి వంగాడు. "ఇంతమంది ఉంటారా ఇక్కడ?"

పక్కన కూర్చున్న బొమ్మ రాసింది: "తాతా, మీ నెత్తళ్ళు ఈ మధ్య రావడం లేదేం?"

బాబాయి ఆ మాట చదివి నా వైపు చూశాడు. తర్వాత ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "వాడు నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి? రోజూ వచ్చి మీ ముందు పెద్ద దండం పెట్టేవాడుగా. కాసేపు అలాగే ఉండి వెళ్ళిపోయేవాడు. మీరేమో ఒక్క దీవెన మాటైనా అనేవారు కాదు. శిష్యుణ్ణి బాగా ఏడిపిస్తున్నారని మేం నవ్వుకునేవాళ్ళం. శరదృతువు నుంచి మానేశాడు. అలిగాడా?"

మోకాళ్ళ మీద కూలబడి నుదురు చేతులకి ఆనించే దండం అది. ఆ ఆటలో మీట నొక్కితే బొమ్మ పెడుతుంది. అక్షరం ముక్క ఎక్కడా పడదు. మాలో కొడుకు తండ్రిని క్షమించమని నోటితో అడగడు, వంగుతాడు. వాడు రోజూ వంగాడు, తండ్రి రోజూ చూసి కూడా పలకలేదనుకుని లేచి వెళ్ళిపోయాడు. ఈయనేమో ఖాళీ నేల చూస్తూ, రాలేదు రాలేదని పళ్ళు కొరికాడు.

బాబాయి ఏడవలేదు. "వచ్చాడా" అన్నాడు. మళ్ళీ "వచ్చాడా" అన్నాడు. మూడోసారి అనబోయి ఏడ్చాడు. శవం ముందు ఏడవాల్సిందంతా ఏడ్చాడు. ఆయన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను.

వారం తిరక్కుండా మళ్ళీ పిలిచాడు. కంప్యూటర్ కట్టేసి, డబ్బా మూత తీసి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ ర్యామ్ తీసెయ్ అమ్మాయ్."

"ఏం, పనిచేయడం లేదా?"

"పనిచేస్తోంది. అందుకే తీసెయ్."

"మనుషులు కనబడకూడదనా? దానికి ర్యామ్ తీయడమెందుకు బాబాయ్, ఆ టిక్కు మళ్ళీ పెట్టుకుంటే సరి."

"పెట్టాను. ఉండబట్టలేక తీసేస్తున్నాను. తీసి చూస్తున్నాను. అందరూ ఉంటున్నారు, వాడొక్కడే లేడు." మూత తీసిన డబ్బా వైపు చూపించి అన్నాడు, "అది చూపించగలిగినంత కాలం నేను చూస్తాను. చూపించలేకపోతే చూడను. రెండేళ్ళు కనబడకుండానే వచ్చాడు కదా."

"మళ్ళీ బయటికి నెట్టేస్తుంది."

"నెట్టనీ. మళ్ళీ వెళతా."

ర్యామ్ తీసేశాను. కంప్యూటర్ మూలుగుతూ లేచింది, ఆట తెరుచుకోవడానికి బోలెడంత సేపు పట్టింది. బాబాయి టిక్కు పెట్టాడు. మనుషులంతా మాయమై గుమ్మం ముందు ఖాళీ నేల మిగిలింది. దండం పెట్టి వంగినవాణ్ణి లెమ్మనే ముందు పెద్దవాళ్ళు ఆగేంత సేపు ఆగి, ఒక్క వేలితో కొట్టాడు.

"లేవరా నెత్తళ్ళూ. నేల చల్లగా ఉంటుంది."