సుగుణమ్మ గారింట్లో అద్దెకున్నప్పుడు

పెరట్లో ఎండు కొబ్బరికాయ రాలిన చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి "ఎవరైనా ఉన్నారా అక్కడ?" అని కేకేస్తాను. మా ఆయన తప్ప ఇంట్లోవాళ్లంతా నవ్వుతారు. నవ్వనీ. వాళ్లెవరూ సుగుణమ్మ గారిని చూడలేదు.

తొంభైల్లో, మాకు పెళ్లయిన కొత్తలో, కొత్తపేటలో ఆవిడ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాం. మా ఆయనది ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, జీతం వచ్చిన నెల పండగ. సుగుణమ్మ గారు మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఎదురుగా ఒక్కరే ఉన్నా చివరి బెంచీ దాకా వినబడేలా మాట్లాడేవారు. ఇల్లు చూపించడానికి పిలిచి గదుల కంటే ముందు కొబ్బరిచెట్లు చూపించారు. "కాయలు మావండి. రాలిన కాయ కూడా మాదే. నీడ మాత్రం మీరు వాడుకోండి" అన్నారు. అద్దె వాటాలో చెట్ల మీద కాయలు ఇంటివాళ్లవే కావడం మా వైపు మామూలే గనక ఏమీ అనుకోలేదు. ఆ తర్వాతి మాటే వింతగా తోచింది. "ఇంటికి ఇన్సూరెన్సు చేయించేనండి. అంటే గోడలకీ, కప్పుకీ. మీ మంచానికీ బీరువాకీ కాదు. అది కావాలంటే మీరు విడిగా చేయించుకోవాలి." మా ఆయన "మాకు బీరువా ఎక్కడిదండీ" అని నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో కొన్నాళ్లకు ఆవిడే చెప్పారు. అంతకుముందు ఒక తుఫానుకి ఆ వాటా పెంకులన్నీ ఎగిరిపోయాయట. అప్పుడందులో ఉన్న దర్జీ కుట్టుమిషన్లూ, జనం కుట్టమని ఇచ్చిన గుడ్డలూ తడిసి ముద్దయ్యాయి. కంపెనీ కప్పుకి మాత్రమే డబ్బిచ్చింది. "ఇల్లంటే ఇంట్లో ఉన్నదంతా అనుకున్నాడండి పాపం. నేనూ అలాగే అనుకున్నాను. ఊరందరి పిల్లలకీ పాఠాలు చెప్పేను గానీ పాలసీ చదవలేదు. 'మరి నాకేమీ రాదా టీచరుగారూ' అన్నాడు. ఏం చెప్పనండి?" అప్పటినుంచి అద్దెకొచ్చిన ప్రతివాళ్లకీ ఏది వస్తుందో ఏది రాదో గుమ్మంలోనే చెప్పేసేవారు.

ఆ ఏడు వేసవిలో, చెట్లెక్కి కొబ్బరికాయలు దింపులు తీసే మనిషి గల్ఫు వెళ్లిపోయాడు. కొత్తవాడు రేపొస్తాను, ఎల్లుండొస్తాను అని తిప్పుతున్నాడు. కాయలు చెట్టు మీదే ఎండిపోయాయి. ఒక పొద్దున మాకు పాలు పోయడానికి వచ్చిన వెంకాయమ్మ భుజం మీద కాయ పడింది. నేను లోపలికెళ్లి గిన్నె తెచ్చేసరికి నేల మీద కూలబడి ఉంది, పాలన్నీ మట్టిపాలు. "చెయ్యి లేవట్లేదమ్మా" అంది. మొగుడు లేని మనిషి, గేదెల మీదే ఆ ఇల్లు నడుస్తోంది. సుగుణమ్మ గారు కాలికి చెప్పులు కూడా లేకుండా వచ్చి, రిక్షా పిలిపించి, తనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముక విరిగిందనీ, చాలాకాలం పాలు పితకడం కుదరదనీ డాక్టరు చెప్పి కట్టు కట్టారు.

సాయంత్రం ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. ఇంటి ఆవరణలో బయటివాళ్లకి దెబ్బ తగిలితే అది వేరే భాగమనీ, దానికి ప్రీమియం కట్టలేదు గనక ఏమీ రాదనీ తేల్చేశాడు. అప్పుడు, కబురు తెలిసి వచ్చిన సుగుణమ్మ గారి తమ్ముడు నెమ్మదిగా అందుకున్నారు. "అక్కా, ఆవిడ నీకోసం రాలేదు గదా. పాలు పోయించుకునేది వీళ్లు. వీళ్లే చూసుకుంటారు." మా ఆయన అప్పటికే చేతులు కట్టుకుని "ఆయ్, మాదేనండి పొరపాటు. వీధి గుమ్మం దగ్గర పోయించుకోవాల్సిందండి" అనేశారు. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికెళ్తామన్న భయం ఆయనచేత అలా అనిపించింది.

"మీరు కూర్చోండి మేష్టారూ. చెయ్యని తప్పు నెత్తిన వేసుకోకండి" అని సుగుణమ్మ గారు తమ్ముడి వైపు తిరిగారు. "కాయ అమ్మితే నాదీ, మీద పడితే వాళ్లదీనా? కాయలు మావని మొదటిరోజే చెప్పేను. దింపు తీయించాల్సింది నేను. కంపెనీ ఇవ్వకపోతే నేనిస్తాను." ఆ క్షణంలో ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

వెంకాయమ్మ చెయ్యి బాగయ్యేదాకా గేదెలు పితకడానికి సుగుణమ్మ గారే మనిషిని పెట్టారు. వెంకాయమ్మ దణ్ణం పెట్టబోతే "దణ్ణం దేనికే? ఇది నీకు రావాల్సింది" అని కసిరారు. మరుసటి ఏడు పాలసీలో ఆ భాగం కూడా చేర్పించి, మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి పాఠంలా పైకి చదివారు. "ఏది ఉందో ఏజెంటు చెబుతాడండి. ఏది లేదో మనమే వెతుక్కోవాలి" అన్నారు. ఇల్లు అద్దెకివ్వడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ అరుగు మీదే.

ఇప్పుడు అమలాపురంలో మా మేడ మీద వాటా అద్దెకిస్తున్నాం. మొన్న వానలకి బయటి మెట్ల మీద పాచి పట్టి, అద్దెకుంటున్న అమ్మాయి జారిపడింది. కాలు వాచిపోయింది. లేవలేకపోతూనే "నాదేనాంటీ తప్పు, చూసుకోలేదు" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు.

"మెట్లు నావి, పాచీ నాదే. తప్పు నీదంటే ఊరుకోను. ఆటో వచ్చింది, నా భుజం పట్టుకో" అన్నాను.

పాలసీలో ఏముందో ఆసుపత్రి నుంచి వచ్చాక చూసుకున్నాను.