పొగడడం చేతకాని మనిషి

మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దావిడ మొన్న మంగళవారం హాస్పిటల్లో పోయారు. గొంతు క్యాన్సర్. ఆవిడ పాత్రికేయురాలు. మొదట్లో అగ్నిప్రమాదాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగి వార్తలు రాసి, తర్వాత ఎన్నో ఏళ్ళు నాటకాల మీద, సినిమాల మీద విమర్శలు రాశారు. అమెరికాలో మేముండే ఈ పార్సిప్పనీలో మనవాళ్ళకు మాత్రం, మన ఉగాది నాటకాన్ని పేపర్లో చీల్చి చెండాడిన అమెరికనావిడగానే గుర్తు.

అది మేం చేజేతులా చేసుకున్నదే. స్కూల్ ఆడిటోరియంలో మావారు నాటకం వేయిస్తుంటే ఆవిడను పిలిచి, శాలువా కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టాం. ఇంత చేశాక పొగడక ఏం చేస్తారనుకున్నాం! తెర లేవగానే ఆవిడ వెళ్ళి చివరి వరసలో కూర్చున్నారు. అదేమిటని అడిగితే, "వెనక్కి వినబడకపోతే అది నాటకం కాదు" అన్నారు.

వారం తిరక్కుండా రాశారు. నాటకం కన్నా ఉపన్యాసాలే పొడుగట. పిల్లలు అర్థం తెలియకుండా అప్పజెప్పారని, భాష రాని తనకే తెలిసిపోయిందట. దర్శకుడికి ప్రతిభ ఉంది గానీ, ఎవరినీ నొప్పించలేక అడిగినవాళ్ళందరికీ వేషాలిచ్చాడట. ప్రతిభ ఉందన్న మాట మావారికి కనబడనే లేదు. మళ్ళీ నాటకం జోలికి పోలేదు. మెట్ల మీద ఆవిడ ఎదురైతే మొహం తిప్పుకునేవారు.

నాకు మాత్రం ఆవిడంటే ఇష్టం. నా సాంబారు తిని "ఉప్పెక్కువ" అన్న మనిషి ఈ దేశంలో ఆవిడొక్కరే. "బాగుందని అబద్ధమాడితే రేపూ ఇలాగే వండుతారు" అనేవారు. ఆ నోటితోనే ఉద్యోగం పోగొట్టుకున్నారు. పేపర్‌కి ప్రకటనలిచ్చే పెద్దమనిషి పెట్టుబడి పెట్టిన నాటకం బాగాలేదని రాశారు, కాలమ్ తీసేశారు. ఆ తర్వాత పైనుంచి టైప్‌రైటర్ చప్పుడు ఆగిపోయింది. సిగరెట్ వాసన మాత్రం ఆగలేదు.

హాస్పిటల్లో గొంతు పూర్తిగా పోయే ముందు, గుసగుసగా నన్ను అడిగిందొకటే: "మీ ఆయన మళ్ళీ నాటకం ఎప్పుడు వేస్తున్నారు?"

ఇంటికొచ్చి చెప్పాను. "ఏవండీ, ఒక్కసారి వచ్చి కనబడండి. మీకోసమే అడుగుతున్నారు."

"ఆఫీస్‌లో బిజీగా ఉంది. వీకెండ్ చూద్దాంలే."

వీకెండ్ దాకా ఆవిడ ఆగలేదు.

అంత్యక్రియలకు చర్చిలో పట్టుమని పదిమంది లేరు. కాలమ్ తీసేసిన ఎడిటరే ముందు నిలబడి ఆవిడ ధైర్యాన్ని తెగ పొగిడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కార్‌లోనే ఉంటానన్న మావారు ఎప్పుడొచ్చారో, చివరి వరసలో ఒక్కరే కూర్చుని ఉన్నారు.

తిరిగి కార్‌ ఎక్కాక చాలాసేపు స్టార్ట్ చేయలేదు.

"వెనక్కి ఒక్క ముక్క వినబడలేదే," అన్నారు.

కారు తాళం పెట్టి, తిప్పకుండానే మళ్ళీ తీసేశారు.

"ఇప్పుడు నేను వేస్తే, బాగాలేదని ఎవరు చెబుతారే నాకు?" అని స్టీరింగ్ మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.