గుండు ముందా, కబురు ముందా

రేణిగుంట స్టేషను బయట ఇడ్లీలమ్మే వరదమ్మకు తపాలా జవాను కనబడితే చాలు, పక్కనున్న కొడుకు తలమీద కొంగు కప్పుతుంది. వాడికి ఏడేళ్లు. గుండు కొత్తది. ఎందుకలా అని నేను అడిగితే చెప్పింది.

యుద్ధానికి ముందు మొగుడు మునెయ్యతో మలయా రబ్బరు తోటకు పోయింది. చెంగయ్య అక్కడే పుట్టాడు. పుట్టువెంట్రుకలు తిరుమలలోనే తీయించాలని మొక్కుకున్నారు. ఇంతలో జపానువాళ్లు వచ్చారు, ఓడలు ఆగిపోయాయి. పిల్లవాడి జుట్టు మాత్రం ఆగలేదు. ఆపైన మునెయ్యను సయాం అడవుల్లో రైలుదారి వేయడానికి పట్టుకుపోయారు.

ఆ ఏటి వానల్లోనే చెంగయ్య తలనిండా కురుపులు. చీము, జ్వరం. తోట ఆసుపత్రిలో చీనా నర్సు మందు సీసా చూపించి, తర్వాత మంగలికత్తి చూపించింది. వరదమ్మ బిడ్డను కొంగులో దాచుకుంది. పుండ్లకు కట్లు కట్టే అరవ డ్రెస్సరు ఏకాంబరం కసిరాడు:

"మందు పుండుకు పుయ్యాల్నా, జుట్టుకా? పడవలు తిరిగినాక మళ్లీ పెంచి ఇచ్చుకో మీ సామికి!"

ఆమె బిడ్డను ఎత్తుకుని వచ్చేసింది. మర్నాడు వాడు కళ్లు తెరవలేదు. తనే పరుగున తీసుకుపోయి నర్సు ఒళ్లో పెట్టింది. తీసిన జుట్టును పొయ్యిలో వేశారు. వాడు బతికాడు. నెల తిరక్కుండా మునెయ్య కలరాతో పోయాడని కబురొచ్చింది.

యుద్ధం ముగిసి ఊరు చేరాక, మొన్న అత్త కుప్పమ్మ ఇద్దర్నీ కొండకు తీసుకుపోయింది. మనవడివి పుట్టువెంట్రుకలే అనుకుంది. వరదమ్మ కాదనలేదు. సగం తల గొరిగేసరికి తెల్లటి మచ్చలు బయటపడ్డాయి.

"ఇవేందే?"

"కురుపులత్తా. ఆడ ఆసుపత్రిలో మందేసినారు."

"ఇంత జుట్టులో మందెట్టా ఏసినారు?"

మంగలి కత్తి ఆపాడు. కుప్పమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"గుండు ముందా, నా కొడుకు కబురు ముందా? సెప్పే!"

"కబురే ముందత్తా."

ముసలామె మెత్తబడింది. "అట్లయితే సరేలే. తండ్రికి గొరిగించినట్టే" అని కళ్లొత్తుకుంది.

తండ్రి పోయిన బిడ్డకు చేసే గుండు, తండ్రి బతికుండగా తాను చేయించింది. ఆమెను తినేస్తున్నది ఇదే. సయాం కలరాకు మలయా మంగలికత్తితో పనేముంది, ఇదంతా వట్టి భ్రమ అన్నాను నేను.

"అవునప్పా, నాకు తెల్దా?" అంటూ వరదమ్మ చేతి తడి తుడుచుకుని కొడుకు గుండు తడిమింది. "మళ్లా గుండు సేయించినా గదా. ఈసారి ఎవురి కబురొస్తాదో."