సాంట్రా రేవు

సూర్‌యార్వి అంటే ఆ మంచుదేశపు భాషలో పెద్ద చెరువు. ఆ ఊళ్ళో చెరువు మాత్రం లేదు. కరువు ఏళ్ళలో తాతలు పలుగూ పారా పట్టి కాలువ తవ్వి, ఉన్న చెరువునంతా ఏట్లోకి వదిలేసి, అడుగు బురదలో రొట్టెల పిండికని రై గింజలు చల్లుకున్నారు. నీళ్ళు పోయాయి, పేర్లు ఉండిపోయాయి. చేల మధ్య గుట్టమీదున్న ఇంటి పేరు లంక. పక్కింటి పేరు రేవు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే అదే మరి.

ఆ లంక ఇంటికి కోడలుగా వచ్చింది సాంట్రా. సముద్రపొడ్డున జాలరి కూతురు. నడకకన్నా ముందు తెడ్డు వేయడం నేర్చిందని వాళ్ళ నాన్న చెప్పుకుని మురిసేవాడు. ఉప్పుచేపల సంతలో లంక ఇంటి కొడుకు ఏలిస్ ఆమె కంట పడ్డాడు. భుజాలు వెడల్పు, మాట పొదుపు.

"మీ ఊళ్ళో నీళ్ళుంటాయా? నీళ్ళు కనబడకపోతే నాకు ఊపిరాడదు," అంది సాంట్రా.

"మాది సూర్‌యార్వి," అన్నాడు.

"ఇల్లో?"

"లంక."

"పక్కిల్లు?"

"రేవు."

ఇంకేం కావాలి? అతను చెప్పినదాంట్లో అబద్ధం చుక్కయినా లేదు. నిజం కూడా లేదనుకోండి.

నడి చలికాలంలో పెళ్ళయింది. కూతురికి సారెగా తండ్రి తన చిన్న పడవనిచ్చాడు. దాన్ని మంచుబండి మీదికెక్కించి, తాను దాంట్లో కూర్చుని, సాంట్రా అత్తారింటికి వచ్చింది. గుట్ట చుట్టూ తెల్లగా, చాపలా పరుచుకున్న మైదానం. "అబ్బ! ఎంత పెద్ద చెరువో!" అంది. ఏలిస్ దగ్గి గుర్రాన్ని అదిలించాడు.

వచ్చిన వారంలోనే గొడ్డలీ వలా పట్టుకుని బయల్దేరింది. మంచు తవ్వి, గడ్డకట్టిన నీళ్ళకు బెజ్జం వేద్దామని గొడ్డలి ఎత్తి వేసింది. ఠంగుమంది. మళ్ళీ వేసింది. చేతికొచ్చింది పిడికెడు మట్టి, నాలుగు రై మొలకలు. తలెత్తి చూస్తే ఊళ్ళో ప్రతి కిటికీకీ ఒక మొహం అంటుకుని ఉంది.

గుమ్మంలో అత్త ప్రీటా నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమే పిల్లా, ఏం పడ్డాయి? రొట్టెలా?"

సాంట్రా నేరుగా మొగుడి దగ్గరికి పోయింది. "చెరువేదయ్యా?"

"ఉండేది."

"ఎప్పుడు?"

"మా తాత చిన్నప్పుడు."

"మరి నాతో అనలేదేం?"

"పేరడిగావు, చెప్పాను."

"అయితే నేనూ ఒకటి చెప్తాను, విను. నడివేసవి పండగలోపు నా పడవ నీళ్ళు తాకకపోతే, పడవా నేనూ కలిసి మా నాన్న దగ్గరికి పోతాం. నువ్వు రేవులో నిలబడి చెయ్యూపుదువుగాని."

ఏలిస్ పాకలోకి పోయి పడవ అడుక్కి తారు పూయడం మొదలెట్టాడు. ప్రీటా ఊరుకునే రకమా? "ఊరికే పడుంటే పాడవుతుంది," అని పడవలో గడ్డి వేసి కోళ్ళని ఎక్కించింది. పెట్టలు హాయిగా గుడ్లు పెట్టాయి. ఉంటుందా, పోతుందా అని ఊరంతా కాఫీ తాగుతూ పందేలు కట్టుకుంది.

ఆ ఏడు మంచు విరగబడి కురిసింది. ఎండ తగిలి అదంతా ఒక్కసారి కరిగింది. కాలువ మొగలో మంచుపెళ్ళలు అడ్డుపడ్డాయి. ఇక నీళ్ళెటు పోతాయి? ఒక శనివారం మధ్యాహ్నానికల్లా పాత చెరువు, తాళంచెవి దగ్గరున్నట్టు, తన ఇంట్లోకి తాను వచ్చేసింది. లంక లంకయింది. రేవు రేవయింది.

ప్రీటా మాత్రం శనివారం స్నానం మానే మనిషి కాదు. చేల చివర పల్లంలో ఉన్న ఆవిరిగుడిసెకు పొద్దున్నే పోయి పొయ్యి రాజేసింది. ఒళ్ళంతా చెమట పట్టించుకుని తలుపు తీస్తే, మెట్టు దాకా నీళ్ళు.

సాంట్రా పాకలోంచి పడవని లాగింది. కోళ్ళని దించే తీరికెక్కడిది? కోళ్ళతో సహా తెడ్డు వేసుకుంటూ వెళ్ళింది. ప్రీటా దుప్పటి చుట్టుకుని, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద మహారాణిలా కూర్చుని ఉంది.

"ఇటు తేవే పడవ! నీళ్ళొచ్చేస్తున్నాయి."

"నీళ్ళా? ఇది రై చేను కదా అత్తా!"

"వేళాకోళాలు తర్వాత. కాళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"కోళ్ళగూట్లో కూర్చుంటావా మరి?"

"కూర్చుంటానే తల్లీ!"

ఎక్కింది. గుడ్డు మీదే కూర్చుంది. కొంత దూరం ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. అప్పుడు చూసింది ప్రీటా: కాలువ గట్టు మునిగిపోయి, ఇక్కణ్ణుంచి ఏరు దాకా, ఏట్లోంచి సముద్రం దాకా అంతా ఒకే నీరు. కోడలి చూపు కూడా అటే ఉంది. తెడ్లు ఆగిపోయాయి.

ప్రీటా గొంతు తగ్గింది. "ఇటునుంచి ఇటే మీ నాన్న దగ్గరికి పోతావా ఏంటి?"

సాంట్రా తెడ్డుకంటిన కోడి ఈకని దులిపింది.

"కోళ్ళకి వేరే గూడు కట్టిస్తాలే," అంది ప్రీటా. "పడవలో కోళ్ళేంటి, చోద్యం కాకపోతే! అది మనుషులు కూర్చునేది."

గుట్ట అంచున ఏలిస్ మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, పడవ తాడు అందుకోవడానికి చెయ్యి చాచి. సాంట్రా పడవని అటు తిప్పింది. "తాకింది కదా నీళ్ళు. మాటంటే మాటే," అంది.

ఆ వారమంతా పాదిరినీ, పాలనీ, ఈనబోయే గొర్రెనీ ఆమే ఇల్లిల్లూ చేరవేసింది. పందెం ఓడినవాళ్ళు కూడా పడవ ఎక్కారు, వాళ్ళని మాత్రం కాస్త ఊపింది. తర్వాత నీళ్ళు తీశాయి. పడవ చేను నడిమధ్య బురదలో కూరుకుపోయింది. లాగుదామా అన్నాడు ఏలిస్. ఉండనీ, చెరువు మళ్ళీ వస్తుందిగా అంది సాంట్రా. అతను దాని చుట్టూ దున్నాడు.

ఇప్పటికీ ఆ చేను పేరు సాంట్రా రేవు. చుట్టుపక్కల చుక్క నీరుండదు. పేరు విని పిల్లనిచ్చేవాళ్ళు కాస్త చూసుకుని ఇవ్వండి.