వంటావార్పులో అక్క వడ్డన

నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి నిన్న పాఠం పైకి చదువుకుంటూ, పుట్టుకతో వచ్చే చిన్న తేడా వల్ల కొందరి ఒంట్లో హెచ్‌ఐవీ చాలా నెమ్మదిగా పెరుగుతుందనగానే, తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామ రోడ్డు మీద వడ్డిస్తున్న మా అక్క చేతిలో గరిటె ఆగిపోయిన క్షణం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

ఆ రోజు వంటావార్పు. బస్సులు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, కులం అడగకుండా అందరం ఒకే బంతిలో కూర్చున్నాం. నా ఇద్దరు పిల్లల ముందూ విస్తళ్లు పడ్డాయి. అంతలో అక్క అత్తగారి ఊరు బచ్చన్నపేట నుంచి వచ్చిన ఒకావిడ ఆమెను గుర్తుపట్టింది.

"గిదేంది, గీమెతోని వడ్డిపిస్తున్నరా? మొగడు పాయె, గీమె గుండ్రాయి లెక్కున్నది. రోగం తెచ్చిందెవరో ఎరుకైతలేదా?"

బోరు బండి మీద ఊళ్లు తిరిగిన మా బావ, జబ్బు బయటపడ్డాక రెండేళ్లు కూడా బతకలేదు. అదే జబ్బున్న అక్కను మాత్రం దవాఖానలో ఆరు నెలలకోసారి పరీక్షించి, ఇప్పుడే మందులక్కర్లేదని పంపేవారు. అప్పట్లో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గితేనే మందులు మొదలుపెట్టేవారు. పోయినవాడు అమాయకుడని, బాగున్నదే తెచ్చిపెట్టిందని ఊరు తీర్మానించి, ఆమెను వెళ్లగొడితే మా ఇంటికొచ్చి ఉంటోంది.

అన్నంతో అంటదని కాలేజీలో చదువుకున్న నాకు తెలుసు. తెలిసి కూడా పిల్లల్ని రెక్క పట్టుకుని లేపాను. సొంత చెల్లెలే లేపాక ఇంకెవరు తింటారు? బంతి అంతా లేచిపోయింది.

ఇంటికొచ్చి అక్క బట్టలు సర్దుకుంది. బస్సుల్లేక ఆ ఒక్క రాత్రి ఆగింది. ఆమె దవాఖాన కాగితాలన్నీ అప్పుడే మొదటిసారి చదివాను. కొందరి పుట్టుకే అంత, జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, పరీక్షలు మాత్రం మానొద్దని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పిందట. మరి మాకెందుకు చెప్పలేదంటే అక్క నవ్వింది.

"బతికున్నందుకు గూడ సాచ్చం తేవాల్నానే?"

ఇప్పుడు జబ్బు తెలిసిన వెంటనే మందులిస్తున్నారు, అక్కా వేసుకుంటోంది. రాష్ట్రం వచ్చింది, రోడ్డు వెడల్పయింది, దాని మీద అందరం కలిసి కూర్చుని తినే రోజులే మళ్లీ రాలేదు. ఆ వంటావార్పు మర్నాడు తెల్లవారగానే పిల్లలిద్దర్నీ పిలిచి చెప్పాను:

"నిన్న మిమ్ముల లేపుడు నాదే తప్పు బిడ్డా. పోయి పెద్దమ్మను బువ్వ పెట్టుమని అడుగుండ్రి."